తట్టుకు పథ్యం లేదు, ఫ్లోరైడుకు సూది లేదు

(ఒంగోలులో ఒక ఆదివారం సాయంత్రం తల్లులు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు కూర్చున్న చోట ఒక రిటైర్డ్ ప్రభుత్వ డాక్టరమ్మ మాట్లాడింది. ఫోన్లో రికార్డు చేసుకుని, మాటలు పెద్దగా దిద్దకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడతా ఉందా? సరే. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకుపోనవసరం లేదమ్మా, 30 ఏళ్లు పిలకాయల ఏడుపుల మధ్యే పనిచేశాను, అది లేకపోతేనే నాకు మాట రాదు.

నాకిచ్చిన కాయితం మీద 'ఆహారం, టీకాలు, వ్యాధి నివారణ' అని రాసుంది. పెద్ద పెద్ద మాటలు. ఊళ్లలో మాత్రం నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. 'మేడమ్, పిలకాయకి నెయ్యి, గుడ్డు, పాలు అన్నీ పెడతన్నాం, దిట్టంగా ఉండాడు, మళ్లీ ఈ సూదులెందుకు?' కాస్త ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఇది. దీన్ని తిరగేస్తే ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ నోటితో అడగరు, చేతల్లో కనపడుతుంది. కార్డులో గళ్లన్నీ నిండాయి, మన పని అయిపోయింది అనుకుని బిడ్డకి పొద్దున టీలో బిస్కెట్, పదకొండింటికి చిప్స్ పొట్లం. ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే, ఒకదాని పని ఇంకొకటి చేసిపెడుతుందనుకోవడం. కొన్ని జబ్బులకి తిండి ఎంత పెట్టినా అడ్డం పడదు. కొన్నిటికి సూదే లేదు. ఏది దేనికని పరిశోధన చేసినవాళ్లు ఎలా తేల్చారో చెప్తాను. అందులో మన సొంత కథ ఒకటి ఉంది, దాంతోనే మొదలుపెడతా.

మాది పొదిలి దగ్గర పల్లె. మా పెదనాయనని వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు. మనిషి మొత్తం తిరిగేవాడు, ఇరుకు సందులో ఎద్దులబండి తిప్పినట్టు, ముందు ఒక కాలు జరిపి, ఆగి, తర్వాత ఇంకో కాలు. చిన్నప్పుడు మేం అది చూసి నవ్వుకునేవాళ్లం, వెనక నుంచి కావాలని పిలిచేవాళ్లం కూడా. ఆ వెన్ను, ఆ మెడ ఎముకలు ఒకదానికొకటి బిగుసుకుపోయాయని నాకు తెలిసింది మెడికల్ కాలేజీలో, ఎవరిదో ఎక్స్‌రే మా మాస్టారు కిటికీ వెలుతురుకి పట్టి చూపించినప్పుడు. ఎముక సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. మా ఊళ్లో ఆ నడక పెదనాయనది ఒక్కడిదే కాదు కదా. మా క్లాసు ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు, పదో తరగతి గ్రూప్ ఫోటోలో ఒక్కరు కూడా పళ్లు కనపడనివ్వలేదు, ఇప్పటికీ ఆ ఫోటో నా దగ్గరుంది.

నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఆ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో అది ఉందని మొట్టమొదట అచ్చులోకి ఎక్కింది మన ప్రాంతం గురించే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, ఇంకా వాళ్ల తోటి మద్రాసు డాక్టర్లు రాశారు. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి వైపంతా నెల్లూరు జిల్లా, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. అయితే డాక్టర్ల కంటే ముందు కనిపెట్టింది రైతులు, అదీ తమ ఒంట్లో కాదు, ఎద్దుల్లో. ఎద్దులకి కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. ఒంగోలు గిత్తని కన్న నేల మీద ఎద్దు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతే రైతు ఊరుకుంటాడా? మనిషికి నడుం పట్టేస్తే వయసు మీద పడిందనుకుంటాం, ఎద్దుకి పడితే సేద్యం ఆగిపోతుంది. అందుకని ఎద్దునే ముందు గమనించారని నేను అనుకుంటా. కొంచెం చేదుగా ఉంటుంది కానీ అదే నిజం.

జరిగేది ఏంటంటే, భూమిలో రాతి పొరల్లో ఉండే ఫ్లోరైడు బోరు నీళ్లలోకి వస్తుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు, అదీ మన దేశపు లెక్క. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరి కూర్చుంటుంది. పిల్లలకి ఎనిమిదేళ్ల లోపు, చిగురు లోపల పన్ను తయారవుతుండగానే పింగాణీ పాడైపోతుంది, అందుకే గార పళ్లు తోమితే పోవు. అది పైన పట్టిన గార కాదు.

ఇక్కడే తిండి సంగతి వస్తుంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్‌.ఐ.ఎన్‌. అంటారు, 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకని చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకి మారింది. వాళ్లు 1970ల్లో ఇదే పట్టుకుని కూర్చున్నారు. అవే నీళ్లు తాగుతున్నా అందరికీ ఒకే తీరులో ఎందుకు రావట్లేదు, కొందరు పిల్లలకి మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు ఎందుకు వంకర పోతున్నాయి అని. వరి అన్నం తినేవాళ్లనీ, జొన్న తినేవాళ్లనీ పోల్చి చూస్తే, జొన్న తిన్నప్పుడు ఫ్లోరైడు ఒంట్లో ఎక్కువ నిలబడిపోతోందని తేలింది. ఇప్పుడు చిరుధాన్యాల మోజు నడుస్తోంది కాబట్టి ఈ మాట చెప్తే నన్ను కొట్టేలా చూస్తారు! జొన్నరొట్టె తినొద్దని నేను చెప్పట్లేదు. మంచి నీళ్లున్న ఊళ్లో సుబ్బరంగా తినండి. చెడ్డ నీళ్లున్న ఊళ్లో మాత్రం మంచి తిండి కూడా వేరేగా పనిచేస్తుంది, ఒక ఊరికి రాసిన పథ్యం ఇంకో ఊరికి పనికిరాదు, అంతే.

సున్నం, అంటే కాల్షియం, సరిపడా తినేవాళ్లకి కొంత రక్ష ఉంది, పేగులోనే అది ఫ్లోరైడుని పట్టుకుని బయటికి పంపేస్తుంది. పాలు, మజ్జిగ, రాగులు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. తర్వాత, ఇది మన నెల్లూరోళ్లకి నచ్చుతుంది, చింతపండు. ఎన్‌.ఐ.ఎన్‌. వాళ్లే మగపిల్లలకి రోజుకి 10 గ్రాముల చొప్పున 18 రోజులు తినిపించి మూత్రం కొలిచారు, ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతోంది. 2002లో అచ్చయింది. వెంటనే వాట్సాప్‌లో 'చేపల పులుసుతో ఫ్లోరోసిస్ మాయం' అని పెట్టేయొద్దు దయచేసి. కొద్దిమంది పిల్లలు, 18 రోజులు, అంత చిన్న ప్రయోగం అది. బిగుసుకుపోయిన మెడని చింతపండు తిప్పలేదు. పెదనాయన జీవితమంతా పులుసన్నమే తిన్నాడు.

నీళ్లు మార్చడమే దీనికి మందు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తేర్చే పద్ధతి ఉంది, నల్గొండ పద్ధతి అంటారు, ఆర్‌.ఓ. ఉంది, అన్నిటికన్నా మేలు చెరువు నీళ్లో కృష్ణ నీళ్లో పైపులో రావడం. ఒక్క మాట మాత్రం పట్టుకుపోండి. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై, అది ఇంకా చిక్కబడుతుంది. విరేచనాలకి కాచిన నీళ్లు మంచివని మేమే చెప్పాం, జనం అన్నిటికీ అదే మందనుకున్నారు, తప్పు మాదే.

దీనికి సూది ఎందుకు లేదు? క్రిమి ఉంటే కదా, దాని రూపం ఒంటికి చూపించి సైన్యాన్ని తయారుచెయ్యడానికి. రాతిలోంచి వచ్చే లవణానికి సైన్యం ఏం చేస్తుంది?

సరే, ఉప్మా కథ చెప్తా. నవ్వకండి, నాకు తెలిసిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. 1987 నుంచి 1990 దాకా, హైదరాబాదు పక్కన ఊళ్లు. కొన్ని ఊళ్లకి అంగన్‌వాడీ కార్యక్రమం ముందొచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. వచ్చిన 15 ఊళ్లలో గర్భిణులకీ, ఆరేళ్ల లోపు పిల్లలకీ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన రవ్వతో ఉప్మా చేసి పెట్టారు. రాని 14 ఊళ్లలో లేదు. అప్పుడు చూసుకుంది పుట్టిన బిడ్డ బరువు ఎంతుందనే. తర్వాత అందరూ మర్చిపోయారు. 2003లో ఇంకో బృందం వెళ్లి, ఆ తల్లుల్ని, ఆ పిల్లల్ని ఇంటింటికీ వెతికి పట్టుకుంది. అప్పటికి వాళ్లు 13 నుంచి 18 ఏళ్లవాళ్లు, మీసాలొచ్చినవాళ్లు. 1,165 మందిని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అంతేనా అనిపిస్తుంది కదా, గోరంత. కానీ రక్తనాళాలు వాళ్లకి మెత్తగా ఉన్నాయి, అంటే గట్టిపడటం తక్కువ. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకుండా మొరాయించడం, షుగర్‌కి మొదటి మెట్టు అదే, అది 20 శాతం తక్కువుంది. అమ్మ కడుపులో ఉండగా, పాకుతుండగా తిన్న గరిటెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనపడిందమ్మా. లాటరీ తీసి ఊళ్లు పంచిన ప్రయోగం కాదు అది, కాబట్టి తక్కిన తేడాలు కూడా కొంత పని చేసి ఉండొచ్చు, అది ఒప్పుకోవాలి. అయినా అంగన్‌వాడీ టీచరమ్మల్ని ఊళ్లో 'ఆ ఉప్మా వండేవాళ్లే కదా' అని తేలిగ్గా మాట్లాడేవాళ్లకి నేను ఈ కథ చెప్తుంటా. ఇక్కడ ఎంతమంది ఉన్నారు టీచర్లు, చేతులెత్తండి. ఆఁ. మీకే చెప్తున్నా.

ఇప్పుడు టి.బి. ఇందులో సూదీ తిండీ రెండూ ఉన్నాయి, ఏది ఎంతవరకో భలే తేలింది. బిడ్డ పుట్టగానే ఎడమ భుజం మీద వేసే బి.సి.జి. ఉంది కదా, మచ్చ పడేది, అది పెద్దవాళ్లకి ఊపిరితిత్తుల టి.బి.ని ఆపుతుందా అని మన పక్కనే, మద్రాసు దాటితే వచ్చే చెంగల్పట్టు జిల్లాలో 1968లో లక్షల మంది మీద మొదలుపెట్టారు. పదేళ్లు దాటాక లెక్క తీస్తే పెద్దవాళ్ల టి.బి.కి అది అడ్డం పడలేదు. ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. మరి ఎందుకు వేస్తున్నారు అంటారా, చంటిపిల్లల్లో మెదడుకెక్కే టి.బి., ఒళ్లంతా పాకే టి.బి., వాటి నుంచి కాపాడుతుంది కాబట్టి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మెదడు టి.బి.తో ఒక పిల్లని చూశాను, ఆ వివరాలు వద్దులే ఇక్కడ. బి.సి.జి. మానొద్దు.

పెద్దవాళ్ల సంగతి తిండి తేల్చింది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా చేశారు, భార్గవ దంపతులు, ఇద్దరూ డాక్టర్లే. టి.బి. వచ్చిన మనిషికి మందులు ఎలాగూ ఇస్తారు, తిండి కూడా ఇచ్చారు. దాంతోపాటు ఆ ఇంట్లో ఉన్న తక్కినవాళ్లకి, అంటే జబ్బు రానివాళ్లకి, సగం ఇళ్లలో మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అంతే. పదివేల మంది పైన. ఆ తిండి అందిన ఇళ్లలో కొత్తగా టి.బి. రావడం 39 శాతం తగ్గింది, ఊపిరితిత్తుల్లో క్రిమి కనపడే రకం చూస్తే 48 శాతం. 2023లో అచ్చయింది. కిలోన్నర పప్పు! టి.బి. ఉన్న ఇంటికి ఆశాలు వెళ్లినప్పుడు తెమడ డబ్బా ఒకటే కాదు, పప్పు డబ్బా కూడా చూడమని చెప్పేది అందుకే. రోగికి ప్రభుత్వం నెలకి 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు, ఖాతాలో పడుతోందో లేదో కనుక్కోండి.

ఇక తిండి చేతులెత్తేసే చోటుకి వద్దాం. హెపటైటిస్ బి, లివరుకి పట్టే వైరస్. కామెర్లని పసరు పోయించుకోడానికి పోతారే, ఆ కుటుంబంలోదే, కానీ ఇది చాలామందిలో కామెర్లు కూడా చూపించదు. తల్లికుంటే కాన్పులో బిడ్డకి పోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురికి కూడా నిలబడదు, పురిట్లో సోకితే నూటికి 90 మందికి జీవితాంతం నిలిచిపోతుంది, నలభై ఏళ్లొచ్చాక లివరు గట్టిపడటమో, క్యాన్సరో. పురిట్లో బిడ్డకి ఏ గుడ్డు పెడతారు, ఏ పాలు పెడతారు? పుట్టిన 24 గంటల్లో తొడకి మొదటి సూది పడాల్సిందే. తైవాన్‌లో 1984లో పుట్టిన బిడ్డలకి ఇది మొదలుపెట్టారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ లక్షకి 0.70 ఉండేది 0.36కి దిగింది, 1997లో చెప్పారు. క్యాన్సర్‌ని సూది ఆపిందని మొదటిసారి లెక్కలతో చూసింది అక్కడే.

ఈ టీకా మన దేశంలో చవగ్గా దొరకడానికి కారణం మన నెల్లూరు జిల్లా మనిషి, పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. బయటి నుంచి వచ్చే టీకా వందల రూపాయలుండేది, మామూలు మనిషికి అందేది కాదు. 1993లో హైదరాబాదులో వాళ్లమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో టీకా బయటికి తెచ్చారు. ధర పడిపోయింది. ఆ ఏడాది దాకా నేను చీటీ మీద ఆ టీకా పేరు రాయడానికే జంకేదాన్ని, కొనలేని తల్లికి రాసి ఏం లాభం అని.

రోటావైరస్ గురించి త్వరగా చెప్పేస్తా. చంటిపిల్లల నీళ్ల విరేచనాలు. మేడలో పెరిగినా పాకలో పెరిగినా వస్తుంది, శుభ్రం ఒక్కటే దాన్ని ఆపలేదు. 1980ల్లో ఢిల్లీ ఆసుపత్రిలో పురిటిబిడ్డల్లో దొరికిన బలహీనమైన రకం నుంచి మనవాళ్లే టీకా చేశారు, హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసింది. 6,799 మంది పిల్లల్లో చూస్తే మొదటి ఏడాది తీవ్రమైన విరేచనాల్ని 56 శాతం తగ్గించింది. నూటికి నూరు కాదు, ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇంట్లో ఉండాల్సిందే. 2016లో దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి.

తట్టు. ఇక్కడ నేను కాస్త నిదానంగా చెప్తాను. మన ఇళ్లలో తట్టు పోస్తే అమ్మవారొచ్చిందని వేపాకు కడతాం, తాలింపు వెయ్యం, తలంటు పొయ్యం, చప్పిడి పథ్యం పెడతాం. వేపాకు మీద నాకు కోపం లేదు, ఇల్లు శుభ్రంగా ఉంటుంది, పరాయివాళ్లు లోపలికి రారు, ఒకరకంగా మంచిదే. కోపం చప్పిడి పథ్యం మీద. తట్టు పోసినప్పుడు ఒంట్లో విటమిన్ ఎ అడుగంటుతుంది, సరిగ్గా అప్పుడే మనం పాలు, గుడ్డు, ఆకుకూర ఆపేస్తాం. 1990లో దక్షిణాఫ్రికాలో తట్టు ముదిరి ఆసుపత్రిలో చేరిన 189 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి విటమిన్ ఎ ఇచ్చారు. మొత్తం 12 మంది చనిపోతే అందులో 10 మంది విటమిన్ ఇవ్వని గుంపులో పిల్లలు. కాబట్టి తట్టు వచ్చాక విటమిన్ ప్రాణం నిలబెడుతుంది. రాకుండా ఆపుతుందా? ఆపదు. మునగాకు గంపలు గంపలు తినిపించినా ఆపదు. తట్టు ఉన్న గదిలో టీకా లేని పిల్లలు పదిమంది ఉంటే తొమ్మిదిమందికి అంటుతుంది, వాళ్లు ఏం తిన్నారని అది అడగదు.

2019లో ఇంకోటి బయటపడింది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లలకి తట్టు రాక ముందు, వచ్చి తగ్గిన తర్వాత రక్తం తీసి పోల్చారు. పాత జబ్బుల మీద ఒళ్లు అప్పటిదాకా తయారుచేసి పెట్టుకున్న యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. ఇంట్లో దొంగ పడి డబ్బు వదిలేసి, తాళంచెవులన్నీ ఎత్తుకుపోయినట్టు. తట్టు తగ్గిన ఆర్నెల్ల తర్వాత పిల్లాడికి నిమోనియా వస్తే ఎవరైనా తట్టుని అనుమానిస్తారా? మేం కూడా అనుమానించలేదు.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక పి.హెచ్.సి.లో పనిచేసేదాన్ని, పేరెందుకులే. మే నెల, రోజూ కరెంటు కోత. టీకాలు ఎండకి పాడవుతాయన్న టెన్షన్‌లో మా ఫార్మసిస్టు డి.పి.టి., అదే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి వేసే టీకా, ఆ సీసాల్ని ఐసు ముక్కలకి ఆనించి పెట్టాడు, నేను చూసి కూడా మంచిదే కదా అనుకున్నా. తట్టు టీకా, పోలియో చుక్కలు గడ్డకట్టినా తట్టుకుంటాయి. డి.పి.టి., హెపటైటిస్ బి గడ్డకడితే చచ్చిపోతాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, 2 కంటే కిందికి దిగినా చేటే. ఒక బుధవారం మా ఏ.ఎన్.ఎం., టీకాలు వేసే నర్సమ్మ, సీసా ఊపి, బల్ల మీద పెట్టి, 'మేడమ్, ఇటు రండి' అంది. పక్కన బాగున్న సీసా కూడా ఊపి పెట్టింది. బాగున్నది పాలలాగా కలిసిపోయి నిలబడింది. రెండోదాంట్లో తెల్లటి పలుకులు, మజ్జిగ విరిగినట్టు, మేం చూస్తుండగానే అడుక్కి దిగిపోయి పైన నీళ్లు తేరాయి. నా కాళ్ల కింద నేల కదిలింది. అంతకుముందు రెండు వారాలు ఆ పెట్టెలో మందే వేశాం. రిజిస్టర్ తీసి, పేర్లు రాసుకుని, ప్రతి ఇంటికీ పోయి మళ్లీ తీసుకురమ్మని చెప్పాం. ఒకామె గడపలో నిలబడి 'అంటే నా బిడ్డని ఊరికే పొడిచారా?' అంది. అవునమ్మా అన్నాను. ఇంకేం చెప్పను? ఆమె తిట్టింది, తిట్టి, శనివారం బిడ్డని ఎత్తుకుని అందరికన్నా ముందొచ్చింది. ఇప్పుడు కొన్ని సీసాల మీద ఒక గుండ్రం, దాని లోపల చదరం గుర్తు ఉంటుంది, చదరం రంగు ముదిరి గుండ్రంతో కలిసిపోతే ఎండ తగిలిందని అర్థం. చలి తగిలిందని చెప్పే గుర్తు అందులో లేదు, దానికి ఆ ఊపి చూడటమే. ఆశా అక్కలూ, టీకా వేసే చోట ఇది అడగడానికి మొహమాటపడొద్దు.

షుగర్ గురించి అడుగుతారని తెలుసు, పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. మద్రాసులో రామచంద్రన్ గారి బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకుంది. ఊరికే వదిలేసినవాళ్లలో మూడేళ్లకి నూటికి 55 మందికి షుగర్ వచ్చింది, నడకా తిండీ మార్చినవాళ్లలో 39 మందికి. 2006 మాట. మన దేశం మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లే అని ఎన్‌.ఐ.ఎన్‌. 2024 మార్గదర్శకాల్లో రాసింది. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే చెంచాడు, ఊరగాయ, అప్పడం, ఎండుచేప అన్నీ కలిపి. మన జిల్లాలో ఎవరివల్లా కాదు, నావల్లా కాదు. తగ్గించండి అంటాను, అంతవరకే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అబ్బాయి: టీకా వల్ల ఆటిజం వస్తుందని వీడియోలు వస్తున్నాయి మేడమ్.)

1998లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే ఆయన 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసంతో మొదలైంది నాయనా అది. అందులో మోసం ఉందని తేలి 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది, ఆయన్ని డాక్టర్ల రిజిస్టర్లోంచి తీసేశారు. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని చూశారు, టీకాకీ ఆటిజానికీ సంబంధం లేదు. మాట సరిగ్గా రాలేదని తల్లి గమనించే వయసూ, టీకా వేసే వయసూ ఒకటే అవడంతో వచ్చిన చిక్కు. నీకు పంపినవాళ్లకి ఇది తిరిగి పంపించు.

(ఒక అమ్మాయి: కొత్తగా పెళ్లయింది, ఫోలిక్ మాత్రలు ఎప్పటినుంచి?)

నెల తప్పాక కాదు తల్లీ, అనుకున్నప్పటి నుంచే. బిడ్డ వెన్నుపాము గొట్టం 28 రోజుల్లో మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిందనే తెలియదు. అంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి ముందే ఈ మాత్ర ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో తేల్చారు. ఆ మందుని అమెరికాలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు. మాత్ర మింగేటప్పుడు గుర్తుచేసుకో.

(ఇంకొకామె: బాబుకి ఏడాదిన్నర. కొంచెం జలుబు ఉండాది. మా అత్త ఈసారికి వద్దంటా ఉంది.)

జ్వరం ఉందా? లేదా. పాలు తాగుతున్నాడా? ముక్కు కారడం ఒక్కటే అయితే వేయించొచ్చు, మీ అత్తని కూడా వెంట తీసుకురా, నేను మాట్లాడతా. కార్డు తెచ్చావా? ఏదీ, ఇటివ్వు... కళ్లజోడు ఎక్కడ పెట్టాను... ఆఁ, తొమ్మిదో నెలది వేశారు. ఇక్కడ ఖాళీ ఉంది చూడు, డి.పి.టి. బూస్టర్, తట్టు రెండో డోసు, పోలియో చుక్కలు, విటమిన్ ఎ. నాలుగూ ఒకేరోజు అయిపోతాయి. పొద్దున ఏం పెట్టావు వాడికి? ఇడ్లీనా, బాగుంది. బుధవారం తొమ్మిదిన్నరకి రా, నేనూ అక్కడే ఉంటా.